చిలుక మాస్టారి మంద

పెంపుడు జంతువుల ఆసుపత్రి మేనేజరు ఆ ఉదయం ఒక చిన్న పని ముగించి, డాక్టరమ్మ చేత శభాష్ అనిపించుకుందామని పెందలాడే వచ్చాడు. రిటైరైన లెక్కల మాస్టారు తన చెల్లెలి చిలుకను తెచ్చి పెంచుకుంటున్నారు. చిలుక వివరాలు కంప్యూటర్లో ముందునుంచే ఉన్నాయి. వాటిని మాస్టారి పేరుకు జతచేయాలి, అంతే.

"జాబితాలో చిలుక పక్కన మాత్రమే టిక్కు పెట్టండి సార్," అంది రిసెప్షన్‌లో కూర్చునే అమ్మాయి.

"నువ్వు పుట్టకముందు నుంచీ కంప్యూటర్ ముందు కూర్చుంటున్నాను."

కూర్చున్న మాట నిజమే. అంతకుమించి చేసిన దాఖలాలు లేవు.

జాబితా చాంతాడంత ఉంది. చదవడం తన హోదాకు తగదు కనుక, పైనున్న 'అన్నీ' అనే గడిలో టిక్కు పెట్టాడు. "ఖాయమేనా?" అని కంప్యూటర్ అడిగింది. తననే ప్రశ్నించడం నచ్చక, గట్టిగా రెండుసార్లు నొక్కాడు.

మూడు వందల పన్నెండు జంతువులు మాస్టారి సొంతమైపోయాయి. పాత యజమానులందరి ఫోన్లకూ సందేశం వెళ్లింది: 'మీ జంతువు కొత్త యజమానికి బదిలీ అయింది.' కింద మాస్టారి చిరునామా.

అరగంటలో మాస్టారి గుమ్మం నిండిపోయింది. పిల్లిని గుండెకు హత్తుకున్న ఒక ముసలావిడ ఏడుపు గొంతుతో నిలదీసింది.

"నా పిల్లిని ఎవర్నడిగి రాయించుకున్నారండీ?"

"ఉన్న చిలుకతోనే వేగలేకపోతున్నానమ్మా," అంటూ మాస్టారు అందరినీ వెంటబెట్టుకుని ఆసుపత్రికి నడిచారు.

"ఈ అమ్మాయే నొక్కింది మేడమ్," అన్నాడు మేనేజరు తడుముకోకుండా.

డాక్టరమ్మ తెర వైపు చూసింది. నొక్కినవారి పేరు అక్కడ రెండుసార్లు రాసి ఉంది, రెండూ మేనేజరువే.

ఆ అమ్మాయి సాయంత్రం దాకా కూర్చుని ఒక్కొక్క జంతువునూ దాని మనిషికి తిరిగి జతచేసింది. చివరికి ఒక కుక్క మిగిలింది. పాత యజమాని దాన్ని గొలుసుతో సహా తీసుకొచ్చాడు.

"నా పేరు మీద లేదన్నారుగా, మళ్లీ మార్చకండి. ఇది ఇద్దరు పోస్ట్‌మన్‌లను కరిచింది. నాలుగేళ్లుగా ఇలాంటి కబురు కోసమే చూస్తున్నా," అని గొలుసు మేనేజరు కుర్చీకి కట్టేసి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు.

"యజమాని ఎవరని పెట్టను మేడమ్?" అని అడిగింది అమ్మాయి.

"బదిలీ చేసినవారి పేరే పెట్టు," అంది డాక్టరమ్మ.

మేనేజరు ఫోన్‌కు సందేశం చేరింది. తీసి చదువుకోవడానికి ఆయన కుడిచెయ్యి ఖాళీగా లేదు; చొక్కాతో సహా కుక్క నోట్లో ఉంది.