జడ్జిగారి చక్కెర కేసు

“నేరం ఈ భూమ్మీద ఏ మూల జరిగినా, దాని వాసన ముందు నా ముక్కుకే తగులుతుంది. అది నా గొప్పతనం కాదు. పుట్టుకతో వచ్చింది,” అని ప్రకటించాడు బావ, అత్తగారి వంటింటి గుమ్మంలో నిలబడి.

“అవి మాడిపోతున్న పాలు బావా. పక్కకి జరుగు,” అంటూ బావమరిది లోపలికి దూరి పొయ్యి ఆపాడు.

బావకి ఫోటోలకి ఫ్రేములు కట్టే దుకాణం ఉంది. అందులో గిరాకీ తక్కువ, తీరిక ఎక్కువ. ఆ తీరికంతా డిటెక్టివ్ నవలలకి ధారపోసి, చివరికి తనకి తానే ‘డేగకన్ను’ అని బిరుదిచ్చుకున్నాడు. ఆ కన్ను ఇప్పటిదాకా కనిపెట్టింది ఒక్కటే, భార్య పోగొట్టుకున్న ఎడమకాలి చెప్పు. అదీ దాని మీద తాను కూర్చున్నాక. బావమరిది డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతాడు. కొత్తవాళ్ళ పక్కన కూర్చుని కూర్చుని ప్రాణభయం అలవాటైపోయిన మనిషి గనక, బావకి సహాయకుడిగా అతనే కుదిరాడు.

కానీ ఈసారి బావని చూసి ఇంట్లో ఎవరికీ నవ్వు రాలేదు. అత్తగారు, అంటే బావమరిది వాళ్ళమ్మ, పెంచుకుంటున్న పిల్లికి చక్కెర జబ్బు. బూడిదరంగు, బొద్దు ఒళ్ళు. కుర్చీలో కూర్చుని వచ్చినవాళ్ళందరినీ ముద్దాయిల్ని చూసినట్టు చూస్తుంది గనక దాని పేరు జడ్జి. ఇంజెక్షన్ అమ్మే ఇస్తుంది. ఇప్పటికి ఇద్దరు డాక్టర్లకి చూపించారు. ఎప్పుడు తీసుకెళ్ళి పరీక్ష చేయించినా చక్కెర ఎక్కువగానే ఉంటోంది. వాళ్ళు మందు పెంచుతున్నారు. మందు పెరిగేకొద్దీ జడ్జి ఇంట్లో తాగినవాడిలా తూలుతోంది.

“వాళ్ళు చెప్పినట్టే ఇస్తున్నాను. తిండి తూచి పెడుతున్నాను,” అంది అమ్మ, సూది పట్టుకునే చేతిని చూసుకుంటూ. “నా చెయ్యే మంచిది కాదేమోరా. నా చేత్తో నేనే పొడిచి చంపుకుంటున్నానేమో. ఒక్క మంచి డాక్టరు దొరికితే చాలు.”

బావ గొంతు తగ్గించాడు. “అత్తగారూ, మీకు కావలసింది డాక్టరు కాదు, నేరస్థుడు. తిండి తూచి పెడుతున్నారు. అయినా చక్కెర తగ్గట్లేదు. అంటే ఏమిటి? ఈ కప్పు కింద ఒక అదృశ్య హస్తం దీనికి దొంగచాటుగా చక్కెర తినిపిస్తోంది!”

వెంటనే విచారణ మొదలైంది.

“అత్తగారూ, నిన్న మధ్యాహ్నం తమరెక్కడున్నారు?”

“మీకు భోజనం వడ్డిస్తున్నాను అల్లుడుగారూ.”

“సాక్షులున్నారా?”

“మీరే. మూడుసార్లు వడ్డించమన్నారు.”

బావ ఆ సాక్ష్యాన్ని కొట్టేశాడు. ఆ రోజు పడుకునే ముందు చక్కెర డబ్బా చుట్టూ నేలంతా పిండి చల్లాడు. పొద్దున్నే చూస్తే పిండిలో అడుగుజాడలు! బావ నేలమీద బోర్లా పడుకుని వాటిని కొలిచాడు.

“బరువైన మనిషి. చదునైన పాదం. నడకలో తొందర. తెలివి తక్కువ.”

“బొటనవేలి గోరు సగం విరిగి కూడా ఉండాలే,” అంది బావ భార్య, కాఫీ కలుపుతూ.

“భేష్! నీకెలా తెలిసింది?”

“మీ కాలు చూసుకోండి. పిండి సరిగ్గా పడిందో లేదో చూసొస్తానని లేచింది మీరే కదా?”

బావ కాలు చూసుకున్నాడు. పాదానికి అంటిన పిండి దులుపుకున్నాడు. ఆ పైన ఇంకో సిద్ధాంతంతో ఇటు తిరిగాడు.

“అయితే డాక్టర్లే! ఆ రెండు చోట్లా జనం ఎలా కిక్కిరిసి ఉన్నారో చూశారా? నిజంగా మంచి డాక్టరైతే వచ్చిన జంతువుకల్లా నయమైపోయి ఇంట్లో హాయిగా ఉండాలి. మళ్ళీ మళ్ళీ ఎందుకొస్తాయి? కాబట్టి మనకి కావలసింది ఒక్క రోగి కూడా లేని డాక్టరు!”

ఈ వాదనలో తప్పెక్కడుందో బావమరిదికి తెలుసు. చెబితే ఇంకో వాదన వినాల్సి వస్తుందని ఊరుకున్నాడు. పైగా అమ్మ అప్పటికే పిల్లికి పొద్దుటి ఇంజెక్షన్ ఇచ్చేసి, తువ్వాలులో చుట్టుకుని, “ఎక్కడికో అక్కడికి పదండిరా,” అంటోంది.

రహస్య నిఘాకి దొరికిన వాహనం డ్రైవింగ్ స్కూలు కారు. నెత్తిన పసుపు పలక, ముందూ వెనకా ఎర్రటి పెద్ద ఎల్ అక్షరం. వీధి చివరి నుంచే మనుషులు పక్కకి తప్పుకుంటారు. వీధులన్నీ తిరిగి తిరిగి, ఒక పక్కవీధిలో బావ “ఆపు!” అన్నాడు. పశువైద్యశాల బోర్డు. అద్దాల తలుపులోంచి ఖాళీ కుర్చీలు కనిపిస్తున్నాయి. ఎదురుగా వరసగా రెండు కార్లు ఆగి ఉన్నాయి. వాటి వెనకే వీళ్ళూ ఆపారు.

“నువ్విటు రా. స్టీరింగు దగ్గర నేను కూర్చుంటాను. కారు నేర్చుకునేవాడి మారువేషం,” అన్నాడు బావ.

“నీకు కారు రాదు కదా బావా.”

“అందుకే ఈ వేషం నాకు నప్పుతుంది.”

చాలాసేపు గడిచింది. ఆ తలుపులోంచి ఒక్క జంతువూ లోపలికి పోలేదు, బయటికి రాలేదు. బావ ముఖం వెలిగిపోతుండగా, తెల్లకోటు వేసుకున్న ఒక ఆవిడ బయటికి వచ్చింది. అటూ ఇటూ చూసింది. వరసలో ముందున్న కారు తలుపు తీసి లోపల కూర్చుంది. కాసేపటికి గుప్పిట్లో ఏదో పట్టుకుని దిగింది. లోపలికి వెళ్ళింది. మళ్ళీ వచ్చింది. రెండో కారు ఎక్కింది.

“చూశావా?” బావ వెలుగంతా ఆరిపోయింది. “కారులోంచి కారుకి సరుకు చేతులు మారుతోంది. ఇది ఆసుపత్రి కాదు, ముఠా స్థావరం! కదలకండి.”

ఆవిడ రెండో కారు కూడా దిగేసరికి, “ఒరే నాన్నా,” అని వెనక సీట్లోంచి అమ్మ పిలిచింది. “జడ్జి లేవట్లేదురా.”

“నిద్రపోతోందిలెండి అత్తగారూ. నిఘాలో నిశ్శబ్దం ముఖ్యం.”

“నిద్ర కాదు. తల నిలబడట్లేదు. ఒళ్ళు వణుకుతోంది.” అమ్మ తువ్వాలు విప్పి చూపించింది. “పొద్దున ఇచ్చానే, ఆ సూదేరా. నేనే ఇచ్చాను.”

బావమరిది తలుపు మీద చెయ్యి వేశాడు. “దిగు బావా, నేను నడుపుతా. ఇక్కడేం జరుగుతోందో నాకూ అంతుపట్టట్లేదు, ఆ పాత డాక్టర్ల దగ్గరికే పోదాం.”

“ఇప్పుడు కదిలితే వాళ్ళు గుర్తుపడతారు!”

“గుర్తుపట్టనీ! దిగుతావా, లాగమంటావా?”

ఇద్దరూ ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని ఉండగా వెనక తలుపు తెరుచుకుంది. తెల్లకోటావిడ వచ్చి అమ్మ పక్కన కూర్చుంది. బావ రెండు చేతులూ పైకెత్తేశాడు.

“మేం కారు నేర్చుకుంటున్నాం! మాకేం తెలీదు!”

ఆవిడ బావని పట్టించుకోలేదు. జడ్జిని ఒక్క చూపు చూసి, చెవి అంచున సూదితో చిన్నగా గుచ్చింది. నెత్తుటి బొట్టుని గుప్పిట్లోని చిన్న మీటరుకి అందించింది.

“చక్కెర ఎక్కువ కాదమ్మా. బాగా పడిపోయింది.” జేబులోంచి చిన్న సీసా తీసి, పాకంలాంటిది వేలికి రాసుకుని పిల్లి చిగుళ్ళకి పులిమింది. “మందు ఎక్కువైంది. ఎవరు పెంచారు?”

అమ్మ జరిగిందంతా చెప్పింది. చెబుతున్నంతసేపూ చూపు జడ్జి మీదే ఉంది. కాసేపటికి జడ్జి మూతి నాక్కుంది. తరవాత తల ఎత్తింది. చేతులు ఇంకా పైకే పెట్టుకుని ఉన్న బావని, శిక్ష ఖరారైన వాణ్ణి చూసినట్టు చూసింది.

“ఆసుపత్రి గదిలో చుట్టూ కుక్కలు మొరుగుతుంటే పిల్లి హడలిపోతుంది,” అంది డాక్టరు. “ఆ భయానికే చక్కెర పైకి లేస్తుంది. అది చూసి మందు పెంచితే, ఇంటికెళ్ళి కుదుటపడ్డాక ఇదిగో, ఇలా తూలుతుంది. అందుకే నేను పిల్లుల్ని లోపల కూర్చోబెట్టను. ఎవరి కారులో వాళ్ళవే చూస్తాను. మీరూ వరసలో ఆపారు కదా, ముందు చెప్పి వచ్చినవాళ్ళే అనుకున్నాను.”

“అయితే నా చేతి తప్పు...”

“మీ చేతి తప్పేమీ లేదమ్మా.”

అమ్మ తువ్వాలు అంచుతో మొహం తుడుచుకుంది. చాలాసేపు తుడుచుకుంది.

బావ మెల్లగా చేతులు దించాడు. “ఖాళీ కుర్చీలు చూడగానే అనుకున్నాను, ఇక్కడేదో...”

“ముఠా ఉందనుకున్నావు,” అన్నాడు బావమరిది.

డాక్టరు మందు బాగా తగ్గించింది. ఇకనుంచి పరీక్ష ఇంట్లోనే, జడ్జి కుర్చీలోనే, అమ్మే చెయ్యాలంది. ఏమైనా తేడా వస్తే ఫోను చెయ్యమంది. కొత్త సూది తీసి అమ్మ చేతికిచ్చింది. అమ్మ సూదిని జడ్జి చెవిదాకా తెచ్చి వెనక్కి తీసుకుంది.

“దాని చెవి ఇంత సన్నం. ముందు ఇంకెక్కడన్నా ఒకసారి గుచ్చి చూస్తే ధైర్యం వచ్చేదేమో,” అంది అమ్మ.

“ఎవరైనా ఒప్పుకుంటే నాకేం అభ్యంతరం లేదు. సూదులు చాలా ఉన్నాయి,” అంది డాక్టరు నవ్వుతూ.

అమ్మ, కొడుకు, డాక్టరు, జడ్జి నలుగురూ ఒకే వైపు చూశారు. బావ చెవులు పెద్దవి, పల్చటివి, ఎండకి ఎర్రగా మెరుస్తున్నాయి.

“ఏమిటి? ఏమిటలా చూస్తారు? నేను పరిశోధకుణ్ణి!”

“ఇంత మంచి డాక్టర్ని పట్టింది మీరే కదా అల్లుడుగారూ. మొదలుపెట్టిన పని మధ్యలో వదలకండి. ఇటు తిరగండి.”

బావ పెట్టిన కేకకి అతని మోచెయ్యి హారన్ మీద పడి వీధంతా మోగింది. ముందున్న కార్లలోంచి మనుషులు తొంగిచూశారు. ఆ మోత ఆగాక అమ్మ ఇంకో సూది తీసుకుని, జడ్జి చెవి అంచున గుచ్చింది. జడ్జి కళ్ళు కూడా మూయలేదు. మీటరు మీద అంకె చూసి డాక్టరు తల ఊపింది.

“రోగి బుద్ధిమంతుడు. పిల్లి గురించి చెబుతున్నాను,” అంది.

అమ్మ పకపకా నవ్వింది. నెల్లాళ్ళలో ఆవిడ అలా నవ్వడం అదే మొదటిసారి.

ఇంటిదారిలో బావమరిదే కారు నడిపాడు. పక్కన బావ చెవికి దూది అదుముకుని గంభీరంగా కూర్చున్నాడు.

“ఈ కేసులో రక్తపాతం తప్పదని నాకు మొదటినుంచీ అనుమానమే,” అన్నాడు. “అయినా వెనకడుగు వెయ్యలేదు. ఇక కేసు ముగిసింది.”

“ఎక్కడ ముగిసింది అల్లుడుగారూ?” అంది అమ్మ వెనకనుంచి, జడ్జి వీపు నిమురుతూ. “ఆ రెండో చెవి కూడా శుభ్రంగా కడిగి ఉంచండి. రేపు పొద్దున్న మళ్ళీ పరీక్ష.”