సీటు కవరులో దొంగ జేబు

ఆ ఆదివారం పొద్దున మక్బూల్ టైలరు కుట్టుమిషను మీద గుడ్డ కప్పేసి, "పద, ఇవాళ సాగర్ పోదాం" అన్నాడు. హజ్రా బీ నమ్మలేదు. గేట్లెత్తినప్పుడు చూపిస్తానని పెళ్ళయిన కొత్తలో మాటిచ్చిన మనిషి, ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆ మాట మీదే ఉన్నాడు. కృష్ణకు వరదొచ్చే కాలమూ, గురజాల బడిపిల్లల యూనిఫారాల కాలమూ ఒకటే కావడం ఆమె గ్రహచారం. ఈసారి సాకు లేదు. నెల కిందటే పాత కారు కొన్నాడు. పైగా సాయంత్రానికి గేట్లు దించేస్తారట.

కారు కొన్న వారానికే వీధిలో ఎవరిదో మోటారు సైకిలు పోయింది. మక్బూల్‌కు నిద్ర కరువైంది. ఫోన్లో వీడియోలు చూసి, ఇంజనుకు కరెంటు వెళ్ళే వైరు కోసి, మంచం పక్కన వేలాడే బెడ్ స్విచ్చొకటి మధ్యలో అతికించాడు. ఒకసారి నొక్కితే ఇంజను బతుకుతుంది, ఇంకోసారి నొక్కితే చస్తుంది. పక్క సీటు కవరుకు తన వైపు అంచున పైకి కనపడని దొంగ జేబు కుట్టి, స్విచ్చిని అందులో దాచాడు. ఈ సంగతి భార్యకు కూడా చెప్పలేదు.

రెంటచింతల దగ్గర నాపరాళ్ళ లారీ ఒకటి మీదికొచ్చింది. హజ్రా బీ "యా అల్లా" అంటూ సీటు అంచు పట్టుకుంది. లారీ తప్పుకుపోయింది. కారు ఆగిపోయింది.

"ఏందయ్యా, ఆపావు?"

"నేనాపలా. అదే ఆగింది."

టీకొట్టు దగ్గరి జనం వచ్చి తోశారు. ఒకాయన పెట్రోల్లో నీళ్ళున్నాయన్నాడు, ఇంకొకాయన బ్యాటరీ పోయిందన్నాడు. హజ్రా బీ కళ్ళు మూసుకుని, సీటు అంచు పట్టుకుని ఏదో గొణిగింది. కారు కదిలింది! పైవాడికి అదే పద్ధతిలో షుక్రియా చెప్పుకుంది. ముప్పై గజాల్లో మళ్ళీ ఆగింది. ఇలా నాలుగుసార్లు జరిగేసరికి తోసేవాళ్ళకు వీళ్ళ సంసారం సంగతులన్నీ తెలిసిపోయాయి. చివరిసారి కదిలినప్పుడు ఆమెకు షుక్రియా చెప్పే ఓపిక కూడా లేదు. ఆ ఊపున మాచర్ల చేరారు.

మక్బూల్‌కు తన స్విచ్చి మీద అనుమానం రాకపోలేదు. కానీ పొద్దున తనే నొక్కి బయల్దేరాడు. అదక్కడుందని తెలిసినవాడు ఇంకొకడు లేడు.

మెకానిక్ యాకూబ్ బానెట్టెత్తి, "అన్నా, కొత్తగా వైరింగేమన్నా చేపిచ్చావా?" అన్నాడు.

పక్కనే భార్య ఉంది. "లేదు" అన్నాడు మక్బూల్.

యాకూబ్ ప్లగ్గులు తుడిచాడు, ఫిల్టరు ఊదాడు, బ్యాటరీ తీగలు గీకాడు. నాలుగయింది. సాగర్ నుంచి తిరిగొచ్చేవాళ్ళు "గేట్లు దించుతున్నారు" అని చెప్పి పోతున్నారు. యాకూబ్ కారును బస్టాండు దాకా నడిపి వెనక్కి తెచ్చాడు. బంగారంలా నడిచింది. హజ్రా బీ ఎక్కి, సీటు అంచున చెయ్యేసి బిస్మిల్లా అంది. ఇంజను చచ్చింది.

"తప్పుగా అనుకోమాక అన్నా. బండికే జబ్బూ లేదు. వదినమ్మ ఎక్కితేనే..." అని యాకూబ్ మిగతా మాట మింగేశాడు.

హజ్రా బీ ముఖం చిన్నబోయింది. "నిజమేనయ్యా. నాకు రాసిపెట్టి లేదు. నువ్వు పోయి ఫోటో తీసుకురా. నేను బస్సుకి ఇంటికి పోతా."

ఆమె కోప్పడి ఉంటే మక్బూల్ తట్టుకునేవాడే. కోప్పడకపోవడమే అతన్ని కోసేసింది.

"ఉండు, ఇది సర్ది దిగుతా. ఒక్కడివే పోతున్నావు గందా." ఆమె వెతుక్కోకుండానే దొంగ జేబులోకి రెండు వేళ్ళు పోనిచ్చి, రేకు తాయెత్తు బయటికి తీసింది. "కారు కొన్న రోజే దర్గా కాడ నీ కోసం కట్టిచ్చా. తెలిస్తే నవ్వుతావని, ఇయ్యాల బండెక్కినాక నువ్వు చూడకుండా దీంట్లో పెట్టా. భయమేసినప్పుడల్లా నొక్కి మొక్కుకుంటన్నా."

మక్బూల్ నోరు తెరిచాడు. "ఆ జేబు నీకెట్టా తెలుసే?"

"నీ బట్టలు ఉతికేది ఎవరు? నువ్వేది కుట్టినా దొంగ జేబు అంచుకి నాలుగు వేళ్ళ కిందేగా."

"లోపలింకేమీ తగల్లా?"

"గట్టిగా ఏందో తగిలింది. బొత్తాం మరిచావనుకున్నా."

మక్బూల్ జేబులో చెయ్యి పెట్టి నొక్కాడు. తాళం తిప్పాడు. ఇంజను గర్జించింది.

"వైరింగ్ చేపిచ్చలేదన్నావు?" అన్నాడు యాకూబ్, నల్లబడ్డ చేతులు చూసుకుంటూ.

"చేపిచ్చలేదు యాకూబ్. నేనే చేసుకున్నా."

విజయపురి సౌత్ చేరేసరికి పొద్దు వాలింది. ఇరవై ఆరు గేట్లలో రెండే మిగిలాయి. హజ్రా బీ తుంపర్లలో తడుస్తూ, కళ్ళార్పకుండా చూస్తూ నిలబడింది.

"ఇన్నేళ్ళు తీసుకురాకపోవడం నాదే తప్పు. ఇప్పుడు చూస్తే రెండేనే" అన్నాడు మక్బూల్.

"మనమూ ఇద్దరమేగా. చాలు" అని, "వచ్చే ఏడు పొద్దున్నే వద్దాం" అంది.

తాయెత్తు ఇప్పుడు కారు అద్దానికి వేలాడుతోంది. స్విచ్చి మాత్రం ఆ జేబులోనే ఉంది, దాని సంగతి గురజాల నుంచి మాచర్ల దాకా తెలియనివాళ్ళు లేరు. అయినా ఆ కారు జోలికి ఇంతవరకు ఏ దొంగా రాలేదు. అది నడవదన్న సంగతి వాళ్ళకు అంతకంటే ముందే తెలుసు.