అవ్వతో మాట్లాడేందుకు అనుమతి

ఆ సోమవారం పొద్దున దర్శిని వేసుకున్న పథకం చాలా చిన్నది. కోయంబత్తూరులోని తన కాలేజీలో రికార్డరు తీసుకోవాలి, పది గంటల బస్సెక్కి అన్నూరు దగ్గర తమ ఊళ్లో దిగాలి, అమ్మ తల్లి కాంతమ్మాళ్‌ను అరుగు మీద కూర్చోబెట్టి మాట్లాడించాలి, సాయంత్రానికి హాస్టలుకు తిరిగి రావాలి. ఎమ్మే భాషాశాస్త్రం చివరి సంవత్సరం. పరిశోధన విషయం, తరతరాలుగా ఆ ఊళ్లో ఉన్న తెలుగువాళ్లు బావిలోంచి నీళ్లు తోడే మోట తోలేటప్పుడు ఎద్దులతో అనే మాటలు. ఊళ్లో కరెంటు మోటార్లు వచ్చి యాభై ఏళ్లయింది. చిన్నప్పుడు తండ్రి పక్కన నిలబడి మోట తోలిన కాంతమ్మాళ్‌కు తప్ప ఆ మాటలు ఇప్పుడెవరికీ పూర్తిగా తెలియవు. డెబ్భై తొమ్మిదేళ్లకు తనను ఒకరు మాటలు అడగడానికి వస్తున్నారని, ఆమె ఆదివారం నుంచే పెట్టెలోని మంచి చీర తీసి కట్టుకుని కూర్చుంది.

రికార్డరు అడిగితే గైడు మణిమారన్ నైతిక సమీక్ష సంఘం అనుమతి ఏదన్నాడు. మనుషులతో పరిశోధన చేసే ప్రతి విద్యార్థీ ముందు ఆ సంఘానికి దరఖాస్తు పెట్టుకోవాలట. మాట్లాడబోయేది మా అవ్వతోనే కదా అంది దర్శిని. అవ్వ కూడా మనిషే కదా అన్నాడాయన.

దరఖాస్తు పద్నాలుగు పేజీలు. పాల్గొనేవారికి కలగగల అపాయం ఏమిటి అన్నచోట దర్శిని ‘ఏమీ లేదు’ అని రాసింది. వారానికి కాగితం తిరిగి వచ్చింది. అపాయం లేని పరిశోధన ఉండదు, బాగా ఆలోచించి రాయండి అని ఎర్ర సిరాతో వ్యాఖ్య. ఎంత ఆలోచించినా మరేమీ తోచక, ఎక్కువసేపు మాట్లాడితే గొంతు ఎండవచ్చు అని రాసింది. ఈసారి సంఘం నిజంగానే కంగారు పడింది. గొంతు ఎండిన పక్షంలో చికిత్స ఎక్కడ జరుగుతుందో తెలిపి, ఆ ఆసుపత్రి హామీ పత్రం జతపరచమంది. మంచినీళ్లు ఇస్తానని రాద్దామనుకుంది గాని, ఆ నీళ్లకు పరీక్ష రిపోర్టు అడుగుతారని మణిమారన్ వారించాడు.

ఊరి ఆరోగ్య కేంద్రంలో నర్సు లోకేశ్వరి, దర్శిని తెచ్చిన సంఘం ఉత్తరం శ్రద్ధగా చదివింది. అందులో మనుషుల మీద పరిశోధన అని ఉంది, అపాయం అని ఉంది, అత్యవసర చికిత్స అని ఉంది. లోకేశ్వరి బాధ్యత తెలిసిన మనిషి. హామీ పత్రం రాసిచ్చి, మర్నాటి నుంచి బీపీ మిషను చంకన పెట్టుకుని రోజూ పొద్దున్నే కాంతమ్మాళ్ ఇంటికి రాసాగింది. ఏ మందులు పడవో అడిగింది, రక్తం గ్రూపు రాసుకుంది. మూడో రోజుకు వీధికి విషయం అర్థమైపోయింది. మనవరాలి కాలేజీవాళ్లు ముసలమ్మ మీద కొత్త మందు పరీక్ష చేయబోతున్నారు. పక్కింటివాళ్లు మదురైకి ఫోను చేశారు.

మదురైలో ఉన్నది కాంతమ్మాళ్ ఒక్కగానొక్క కొడుకు వేలుసామి, మాట్టుతావణి మార్కెట్లో కూరగాయల లోడ్లు దించుతాడు. అంతకుముందు ఇరవై ఏళ్లు విజయవాడకు లారీ నడిపి, దారి పక్క బోర్డులు చూసి తెలుగు అక్షరాలు నేర్చుకున్నాడు. ఫోను రాగానే బస్సెక్కి వచ్చేశాడు.

సరిగ్గా ఆ రోజే దర్శిని సమ్మతి పత్రం తీసుకుని ఊళ్లో దిగింది. పాల్గొనే మనిషి మాతృభాషలోనే పత్రం ఉండాలని సంఘం పట్టుబట్టడంతో, కాలేజీవాళ్లు దాన్ని హైదరాబాదులో ఎవరిచేతనో తెలుగు చేయించారు. కాంతమ్మాళ్‌కు ఏ చదువూ రాదు. తమిళంలో చదువుకున్న దర్శినికి తెలుగు మాట్లాడటం వచ్చు గాని చదవడం రాదు. పత్రం వేలుసామి చేతికి వెళ్లింది.

వీధి వీధంతా గుమిగూడి ఉండగా, అతను బోర్డు చదివినట్టే ఒక్కొక్క అక్షరం మీద వేలు పెట్టి చదివాడు. మొదటి పేజీ ఎవరికీ అర్థం కాలేదు. రెండో పేజీలో, ‘పాల్గొనువారి ఉపసంహరణ ఏ దశలోనైనను జరుగవచ్చును, అందుకు ఎట్టి కారణమును చూపనక్కరలేదు’ అని ఉంది. వేలుసామి వేలు అక్కడే ఆగిపోయింది. ఉప అంటే ఏమిటో ఎవరికీ తెలియదు. సంహరణ మాత్రం అందరికీ తెలుసు. ఏటా మురుగన్ కోవెలలో సూరసంహారం నాడు రాక్షసుడి తల తెగిపడటం ఆ వీధిలో చూడనివాళ్లు లేరు.

"మాయమ్మను ఎప్పుడు కావాలన్నా సంహారం చేస్తారంట. ఏంటికని అడగకూడదంట. దానికి మళ్లా మాయమ్మే కైయెళుత్తు పెట్టాలంట" అన్నాడు వేలుసామి, సంతకం పెట్టాల్సిన చోటు చూపించి పత్రం మడుస్తూ.

"అట్ట ఉండదు మామా. నేను ఇంగ్లీషులో రాసింది వేరే" అంది దర్శిని.

మరి దీనికి అర్థం ఏమిటని అతను అడిగాడు. దర్శినికి ఆ మాట తెలియదు. తెలుగు మీద పరిశోధన చేస్తున్న పిల్ల కావడంతో ఆ సంగతి పైకి చెప్పుకోలేకపోయింది. ఆమె తటపటాయిస్తుండగానే వేలుసామి పత్రం అడుగున ఫిర్యాదులకని వేసిన నంబరుకు ఫోను చేశాడు.

సంఘం పుట్టి పదకొండేళ్లయింది. ఇన్నేళ్లలో ఫిర్యాదు రావడం అదే మొదలు. మర్నాడు పది గంటలకల్లా ఐదుగురు సభ్యులూ వ్యానులో దిగారు. సంహారం ఏమీ లేదనీ, ఆమెకు ఇష్టం లేకపోతే మధ్యలో లేచి వెళ్లిపోవచ్చని మాత్రమే దాని అర్థమనీ అధ్యక్షుడు తమిళంలో విన్నవించుకున్నాడు.

కాంతమ్మాళ్ అంతా విని, "నా అరుగు మింద నేను కూర్చునేదానికీ లేచేదానికీ ఇంత కాగితమా అయ్యా?" అంది.

అధ్యక్షుడు మాట మార్చడానికి, ఇంతకీ ఈ అమ్మాయి మిమ్మల్ని అడగాలనుకున్నది ఏమిటని అడిగాడు. కాంతమ్మాళ్ రెండు నెలలుగా మంచి చీర కట్టుకుని ఎదురు చూస్తోంది. మొదలుపెట్టింది. ఎద్దులు బావి పక్కన ఏటవాలుగా ఉండే బారి దిగేటప్పుడు అనే మాట వేరు, తోలుతిత్తి నీళ్లలో మునిగే క్షణాన అనే మాట వేరు, అలిసిన ఎద్దును బతిమాలే మాట వేరు. కొంచెంసేపటికి లేచి నిలబడి, లేని ఎద్దుల్ని వీధిలో అదిలించింది. ఎవరికీ ఫోను చూడాలనిపించలేదు. చిన్నతనంలో తాతగారి బావి చూసిన అధ్యక్షుడు ప్రశ్న మీద ప్రశ్న వేశాడు. వేలుసామి తల్లి పక్కన కూర్చుని, ఇవన్నీ తనకెప్పుడూ చెప్పలేదేమని నొచ్చుకున్నాడు. రెండు గంటల తర్వాత లోకేశ్వరి బీపీ చూస్తే మామూలుకన్నా బాగుంది. అనుమతి ఇంకా రాలేదు కనుక దర్శిని మాత్రం పెన్ను తియ్యకుండా చేతులు కట్టుకుని కూర్చుంది.

శుక్రవారం సంఘం తీర్మానం వచ్చింది. అనుమతికి ముందే పాల్గొనే వ్యక్తి విషయమంతా వెల్లడించినట్టు సభ్యులు స్వయంగా చూశారు కనుక, పరిశోధన అక్రమంగా ప్రారంభమైనట్టు భావించి దరఖాస్తును తిరస్కరించడమైనది. థీసిస్ ఇవ్వడానికి ఇక ఐదు వారాలే ఉన్నాయి. దర్శిని అవ్వకు ఫోను చేసి ఏడ్చింది.

"దాని కోసం ఏడుస్తారా అమ్మిణీ. నువ్వు ఆదివారం ఊరికే రా. రాయొద్దు, విను చాలు" అంది కాంతమ్మాళ్.

దర్శిని వెళ్లింది. ఆ ఆదివారం, ఆ తర్వాత నాలుగు ఆదివారాలు. ఎద్దును బతిమాలే మాట అవ్వ గొంతులోలాగే పలికేదాకా వదల్లేదు. తమ ఇద్దరి మధ్యా ఏ కాగితమూ లేదని కాంతమ్మాళ్ మురిసిపోయింది.

డిగ్రీ మాత్రం కావాలి. మొదటి వారంలోనే మణిమారన్ సలహా మీద దర్శిని విషయం మార్చి, నైతిక సమీక్ష సంఘం పదకొండేళ్లుగా రాసిన ఉత్తరాల్లోని భాష మీద పరిశోధన చేస్తానని కొత్త దరఖాస్తు పెట్టింది. అనుమతి మర్నాడే వచ్చింది. అందులో మనుషులెవరూ లేరని సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది.