చుక్క పడని కోడికూర

వంటలో పోయడానికి వైన్ దొరక్కపోవడం మన ఇళ్లకు పట్టిన అదృష్టం! నమ్మరా? ఫోన్ తీసి ఏ వంట వీడియో అయినా చూడండి. వైన్ లేదా? ముప్పావు కప్పు ద్రాక్షరసంలో చెంచాడు వెనిగర్ కలపండి. రమ్ము లేదా? బెల్లం పాకంలో రెండు చుక్కల ఎసెన్సు వేయండి. బీరు లేదా? సోడా ఉంది కదా! ఇంటి పరువు ఇంట్లోనే ఉంటుంది, కూరకు మాత్రం విదేశీ పేరొస్తుంది. ఇంతకన్నా ఏం కావాలి చెప్పండి?

తార్నాకలో ఈ విద్య బాగా ముదిరింది. క్రిస్మస్ కేకులో రమ్ముకు బదులు దగ్గుమందు పోసిన ఫ్లాటు కూడా ఉంది. తిన్నవాళ్లంతా సాయంత్రం దాకా నిద్రపోయారు. దగ్గు మాత్రం ఒక్కరికీ రాలేదు.

ఇక పక్కనే ఉన్న యూనివర్సిటీ సంగతి చెప్పాలా? అక్కడ పనీర్‌కు బదులు బంగాళాదుంప, లిఫ్టుకు బదులు మెట్లు, పుస్తకానికి బదులు జిరాక్సు, ప్రొఫెసర్‌కు బదులు నవత.

నవత కెమిస్ట్రీలో కాంట్రాక్ట్ లెక్చరర్. "ఒక్క సెమిస్టర్ కోసమే" అని తీసుకుని పదకొండేళ్లయింది. హెడ్డు భూపాల్ గారి క్లాసులు ఆమే చెబుతుంది. ఆయన దిద్దాల్సిన పేపర్లు ఆమే దిద్దుతుంది. సెమినార్లలో ఆయన చదివే ప్రసంగాలు ఆమే రాస్తుంది. అలాగని ఆయనను తక్కువ అంచనా వేయకండి. సంతకాలన్నీ ఆయన సొంతంగానే పెడతారు!

ఈ ఏడాది ఎట్టకేలకు ఆ డిపార్టుమెంటుకు ఒక రెగ్యులర్ పోస్టు వచ్చే సూచన కనిపించింది. వస్తే నవతకే రావాలి. అసలు పోస్టు అవసరమా, కాదా తేల్చడానికి అనంతపురం వైపు నుంచి ఆచార్య కొండయ్య గారు వస్తున్నారు. ఆదివారం మధ్యాహ్నం భోజనం భూపాల్ గారి క్వార్టర్స్‌లో. అతిథికి వైన్‌లో ఉడికించిన కోడి అంటే ప్రాణమట.

"నువ్వే వండుకొని రావాలె నవతా" అన్నారు భూపాల్ గారు. "కానీ చుక్క పడొద్దు. క్యాంపస్‌ల మద్యం వద్దనే కమిటీకి నేనే చైర్మన్‌ని గదా! బదులు ఏదన్న కలుపు. రుచి మాత్రం అదే రావాలె."

"అదే రుచి ఎట్లొస్తది సార్?"

"కెమిస్ట్రీ చదివినవ్ గదమ్మా!"

చదివింది కాబట్టే వచ్చింది చిక్కు. శనివారం తార్నాక ఫ్లాట్లో మూడుసార్లు వండింది. మొదటిది జామ్‌లా వచ్చింది, రెండోది పులిసిన పచ్చడిలా. మూడోది నోట్లో పెట్టుకుని భర్త దిలీప్ "ఇది కోడా, కిస్మిసా?" అన్నాడు.

నవతకు ఏడుపొచ్చింది. పదకొండేళ్ల చాకిరీ చివరికి ఒక గిన్నెడు కూర మీద వచ్చి ఆగిందా? కళ్లు తుడుచుకుని, దిలీప్‌ను పంపి ఒక సీసా తెప్పించింది. నాలుగో గిన్నెలో అచ్చమైన వైనే పోసింది.

ఎవరి నిష్ఠ చెడిపోతుందోనని మీరు బెంగపడకండి. ఆచార్యులిద్దరూ మజ్జిగ పేరు చెప్పి స్టీలు గ్లాసుల్లో ఏం తాగుతారో క్యాంపస్ కుక్కలకు కూడా తెలుసు. ఆదివారం కూడా భోజనానికి ముందు చెరో మూడు గ్లాసుల "మజ్జిగ" అయింది.

నవత కూర తెచ్చింది. అందులో ఏం పోశావని భూపాల్ గారు అడగలేదు. ఆమె చెప్పలేదు.

కొండయ్య గారు మొదటి ముక్క కొరికి కళ్లు మూసుకున్నారు. "ఏం వైనబ్బా ఇది?"

"వైనే లేదు సార్!" భూపాల్ గారి ముఖం వెలిగిపోయింది. "ఉత్త ద్రాక్షరసం, వెనిగర్. మా డిపార్టుమెంటు ప్రతిభ!"

"అసలుదాని కంటే బాగుండాదే!"

"గదే నేను చెప్పేది. బదులుతోని ఇంత మంచిగ నడుస్తుంటే అసలుదెందుకు సార్?"

కొండయ్య గారు ఎముక చీకుతూ ఆలోచనలో పడ్డారు. "నిజమేబ్బా. అట్లయితే మీకు ఆ పోస్టు గూడా అంత అవసరం ల్యాదనుకుంటా. ఈ పాప చూసుకుంటాండాది గదా!"

"చూసుకుంటది, చూసుకుంటది" అన్నారు భూపాల్ గారు, ఇంకో రెండు ముక్కలు వేసుకుంటూ.

చూశారా, ఒక మనిషి బతుకును ఎంత చల్లగా, ఎంత తృప్తిగా తేల్చేశారో! ఫైలు తెరవలేదు. మీటింగు పెట్టలేదు. కోడి కాలు పూర్తయ్యేలోపు పని అయిపోయింది. వడ్డిస్తున్న నవత చేతిలో గరిటె ఆగిపోయింది.

"సార్, మీరు తింటున్నదాంట్ల ఉన్నది వైనే" అంది.

భూపాల్ గారి చెయ్యి నోటి దగ్గరే నిలిచిపోయింది. "ఏందీ! మరి ద్రాక్షరసం అంటివి?"

"నేను అనలే సార్, మీరే అన్నరు." నవత గిన్నె మీద మూత పెట్టింది. "పదకొండేండ్ల సంది అసలుదాన్ని బదులనే అంటున్నరు."