బుడ్డపొట్టు రంగు గోడ

ఆదినారాయణ ఇంటోళ్ళు పార్టీ మారినారని పక్కింటి ఓబులమ్మ పాలకేంద్రం దగ్గర చెప్పిందట. "నిన్న సాయంత్రం నా కండ్లతో జూసినా, గోడ పసుప్పచ్చంగా మెరుస్తాంది" అని కూడా అన్నదట. ఆ మాట టీ బంకంతా తిరిగి, పొద్దున్నే గోడకు రంగేయడానికొచ్చిన ఇలియాస్ నోట ఆదినారాయణ భార్య గురవమ్మ చెవిన పడింది.

గురవమ్మకు ఒళ్ళు మండిపోయింది. అది పసుపా? ఎండిన వేరుశనగ బుడ్డను కొంగున ముడేసుకొని, జమ్మలమడుగులో బస్సెక్కి ప్రొద్దుటూరు పోయి, రంగులంగట్లో మిషన్ ముందర పెట్టి, "అచ్చం ఈ పొట్టు మాదిరే కలుపప్పా" అని దగ్గరుండి చేయించుకొచ్చిన రంగది. కాపురానికొచ్చినప్పటి నుంచి ఇంటికి ఏ రంగేయాలో ఒకసారి మామ చెప్పాడు, ఒకసారి మరిది చెప్పాడు, ఒకసారైతే బడికి వేయగా మిగిలిన డబ్బాలు చెప్పాయి. ఈసారే తనకు నచ్చిన రంగు వేయిస్తోంది. ఈ పొద్దు గోడకు రెండో కోటు, కిటికీలకు ఎర్రమట్టి రంగు. అంతటితో పని తీరిపోతుందనుకుంది.

"సాయంత్రం ఎండ పడితే ఏ గోడయినా అట్లే కనపడ్తాది కదా వదినా" అన్నాడు ఇలియాస్.

"నాకు చెప్పేదేంది? పోయి ఓబులమ్మకు చెప్పు!" అని గురవమ్మ వంటింట్లోకి విసవిసా వెళ్ళిపోయింది.

అంతలో వాకిట్లో శివప్రసాద్ మోటార్ సైకిల్ దిగాడు. ఊళ్ళో నీలం పార్టీకి అతనే పెద్ద. గోడ దగ్గరున్న ఆదినారాయణను పట్టుకున్నాడు.

"ఏంది మామా, మాతో ఒక్క మాటనకుండా ఆ పక్కకు పోతివే?"

ఆదినారాయణకు నూటపది గొర్రెలు. కోతలయ్యాక అవి మేయాలంటే రెండు పార్టీలోళ్ళ చేలూ కావాలి. "అది పసుపు గాదప్పా, బుడ్డపొట్టు" అంటే శివప్రసాద్ నవ్వాడు. ఆ నవ్వు చూసి ఆదినారాయణ ఇంక నిలబడలేదు. అంగడికి పరిగెత్తి నీలం డబ్బా తెచ్చి, గోడ అడుగున మూరెడు పట్టీ కొట్టమన్నాడు.

"వద్దన్నా, నీలం పక్కన పెడితే ఇది ఇంకా పసుపుగా కనపడ్తాది" అని ఇలియాస్ మొత్తుకున్నాడు. ఆదినారాయణ వినలేదు.

గురవమ్మ సంగటి గెలికి బయటికొచ్చేసరికి, ఆ నీలం పక్కన ఆమె బుడ్డపొట్టు నిజంగానే పసుపుకొమ్ములాగా నిగనిగలాడుతోంది.

"నా గోడకు ఈ నీలం యాడిది? ఎవుర్నడిగి కొట్టించినావు?"

"గొర్రెలు మేయాల్నా, వద్దా?"

"గొర్రెలేమన్నా గోడ జూసి మేస్తాండాయా?"

ఆ మాట ముగియక ముందే వీధి చివర డప్పులు మోగాయి. పసుపు పార్టీ చిన్నసుబ్బయ్య శాలువా పట్టుకొని పదిమందితో వస్తున్నాడు, బావ వరసయ్యే ఆదినారాయణను పార్టీలోకి ఆహ్వానించడానికి. గోడ దగ్గరికొచ్చి టక్కున ఆగాడు. డప్పులూ ఆగాయి.

"ఇదేంది బావా, కింద నీలమేంది? మా పార్టీలోకి వస్తా వాళ్ళను గూడా ఎంటబెట్టుకొస్తాండావా?"

"కిందనా!" పట్టీ చూసి పోదామని వాకిట్లోనే ఉన్న శివప్రసాద్‌కు అప్పుడు తోచింది. "మమ్మల్ని కాళ్ళకాడ, వాళ్ళను నెత్తిన పెట్టుకుంటావా మామా?"

"పైన గూడా ఒక పట్టీ కొట్టిస్తాలే అప్పా..."

"అంటే మేము నడాన నలిగిపోవాల్నా?" అని లేచాడు చిన్నసుబ్బయ్య.

ఒకరి గుమ్మం ఒకరు తొక్కక ఆరేండ్లయిన మనుషులు. ముక్కూ ముక్కూ తగిలేంత దగ్గరగా నిలబడి అరుచుకున్నారు. అరిచీ అరిచీ గొంతులు పోయాక ఇద్దరూ గోడకేసి చూశారు, ఒకరికేసి ఒకరు చూసుకున్నారు.

"తెల్లసున్నం కొట్టిస్తే పోలా?" అన్నాడు శివప్రసాద్.

"అదే నేనూ అనబోతాండా. శానా మంచి మాట" అన్నాడు చిన్నసుబ్బయ్య.

ఆరేండ్ల పగ గురవమ్మ గోడ మీద చల్లారిపోయింది. ఆదినారాయణకు పోయిన ప్రాణం లేచొచ్చింది. సున్నం తెమ్మని ఇలియాస్‌ను తొందరపెట్టాడు.

గురవమ్మ అడ్డంగా వచ్చి నిలబడింది. "ఇలియాసూ, సున్నం గిన్నం ఏం లేదు. ఆ నీలం మీద గూడా నా రంగే కొట్టు."

"అది గాదక్కా," చిన్నసుబ్బయ్య గొంతు తగ్గించాడు, "ఊరికి తెలియాల గదా. ఇంతకూ మీ ఇంటి ఓట్లు ఎవురికి?"

"నా ఓటు ఎవురికేస్తాండానో ఇన్నేండ్లాయ నా మొగునికే చెప్పలేదు. ఈ గోడకెప్పుడు చెప్పినాననుకుంటిరి, అది మీకు చెప్పేకి?"