మట్టి లేని ఎకరం

దేశదేశాల సేద్యం చూసొచ్చిన మంత్రిగారు నందిగామ సభలో సెలవిచ్చారు, ఇకమీదట ఈ తాలూకాలో భూమి లేని పేద ఉండకూడదని. జపానులో కొండలు చెక్కి వరి పండిస్తున్నారట. ఎడారిలో నారింజలు కాయించే దేశాలున్నాయట. భూమి విలువ మట్టిలో లేదు, మనిషిలో ఉందన్నారు. జనం చప్పట్లు కొట్టారు.

ఆ సంగతి అందరికన్నా ముందు కనిపెట్టిన మహానుభావుడు జగన్నాథరావు గారు. సీలింగు చట్టానికి తలవంచి, వత్సవాయి వైపున్న తన రాతిగుట్ట మొత్తం ప్రభుత్వానికి వదిలేశారు. నల్లరేగడి మాత్రం బరువు బాధ్యత గనక తనే మోస్తున్నారు. ఆ త్యాగానికి ఆయన మెడలో దండ పడింది. కూలికెళ్లే ఆరోగ్యమ్మ చేతిలో గుట్ట మీద ఎకరం పట్టా పడింది.

సొంత పొలంలో కూచుని అన్నం తినాలన్నది బుద్ధెరిగినప్పటి నుంచీ ఆరోగ్యమ్మ కోరిక. మొగుడు ప్రేమానందాన్ని వెంటబెట్టుకుని వెళ్లి చూస్తే, కూచోడానికి బండలు బోలెడున్నాయి. గునపం దిగే చోటే లేదు. మూడేళ్లలో సాగు చెయ్యకపోతే పట్టా రద్దని తహసీల్దారు వరప్రసాదరావు గారు హెచ్చరించారు.

"మట్టి లేదు గదయ్యా," అందామె.

"భూమి ఇవ్వడం వరకే ప్రభుత్వం. మట్టి నువ్వు సమకూర్చుకోవాలి."

సమకూర్చుకుంది. ఊరచెరువులోకి నీళ్లు రావడం మానేసి చాలాకాలమైంది. మొగుడూ పెళ్లాం రెండు వేసవులు అందులో పూడిక తవ్వి, తట్టలతో గుట్టెక్కించారు. నడుములు పడిపోయాయిగానీ కంది విరగకాసింది. ఆరోగ్యమ్మ బండ మీద కూచుని అన్నం తిన్నది.

మంత్రిగారు జీపులో వచ్చి చేలో ఫోటో దిగి వెళ్లారు. పంట చూడగానే జగన్నాథరావు గారికి ధర్మసందేహం కలిగింది. తను ఇచ్చింది రాయి గదా, మరి ఈ మట్టి ఎవరిది? తహసీల్దారు గారు బాగా ఆలోచించి తేల్చారు. చెరువుది, అంటే ప్రభుత్వానిది. కోతవగానే తిరిగి చేర్చాలి, లేకపోతే పట్టా ఉండదు.

"మరి నా పొలమయ్యా?"

"నీ పొలాన్ని ఎవరూ ముట్టుకోరు. మట్టి ఒక్కటే."

ప్రేమానందం తిట్టాల్సినవన్నీ బండలకేసి తిట్టాడు. కోతయ్యాక ఆరోగ్యమ్మ మట్టితట్ట నెత్తికెత్తుకుని గుట్ట దిగి, చెరువు దగ్గర ఆగిపోయింది. పూడిక తీసిన చోట చదునుగా ఉంది, తేమ కూడా బాగుందని జగన్నాథరావు గారు మిరప వేయించారు. ఏపుగా ఉంది. గట్టు మీద గొడుగు కింద తహసీల్దారు గారు స్వయంగా నిలబడి పర్యవేక్షిస్తున్నారు.

"ఇక్కడ పొయ్యమంటారా అయ్యా?"

"ఆగు, ఆగు. మొక్కలు తొక్కకుండా మొదళ్లలో పొయ్యి."