ద్రాక్షతోట: దంపతులకు మాత్రమే

పోలిరాజు ఒక పని చెయ్యాలనుకున్నాడంటే చేసి తీరతాడు. అది పూర్తిగా చెడిపోయేదాకా చేసి తీరతాడు. పోర్టులో క్రేను నడుపుతాడు కాబట్టి ఎంత బరువైనా ఎత్తగలనని ఆయన నమ్మకం. ఎత్తినదాన్ని ఎక్కడ దించాలన్నది మాత్రం ఎప్పుడూ ముందుగా తోచదు.

ఈసారి ఆయన ఎత్తాలనుకున్న బరువు ఒకే ఒక్క గ్లాసు.

గొంతులో చుక్క పడి పదకొండు నెలలైంది. కిందటేడు డిసెంబరులో ఒకనాటి సాయంత్రం ఆయన తూలుతూ వచ్చి, మల్కాపురంలో తన ఇల్లనుకుని పక్కింటి తలుపు తట్టాడు. తీసినావిడని "ఎవర్నువ్వు? మా ఇంట్లో ఏటి సేత్తన్నావ్?" అని నిలదీశాడు. మర్నాడు ఆయన భార్య చిలకమ్మ బట్టలు సర్దుకుని పుట్టింటికి వెళ్లిపోయింది. ఇరవై రోజులు తిరిగి చూడలేదు. ఆ ఇరవై రోజుల్లో పోలిరాజు అన్నం వండితే గంజి అయింది, గంజి కాస్తే గిన్నె మాడింది. చివరికి అమ్మవారి గుడిలో పసుపునీళ్లు చేతిలో పోసుకుని, ఏడాదిపాటు తాగనని ఆయన ఒట్టేశాక ఆవిడ వచ్చింది.

"సుక్క పడిందా, ఈసారి ఎలిపోతే మరి రాను," అని గుమ్మంలో నిలబడి చెప్పి మరీ లోపల అడుగుపెట్టింది.

అన్నదంటే అన్నట్టే. పైగా ఆవిడని మోసం చెయ్యడం మానవమాత్రుడి వల్ల కాదు. చిలకమ్మ ఇరవై ఏళ్లుగా హార్బర్లో చేపలు కొని అమ్ముతోంది. మొప్ప ఎత్తి ఒక్కసారి వాసన చూసిందంటే చేప ఏ రోజు పడిందో, ఎన్నాళ్లు ఐసులో ఉందో చెప్పేస్తుంది. ఒట్టుకి ముందు రోజుల్లో, అలాంటి ముక్కు ముందు పోలిరాజు ఏలకులు నమిలాడు, జామాకులు నమిలాడు, ఒకసారి గుప్పెడు వేపాకు కూడా నమిలాడు. ఆ రోజు ఆవిడ గుమ్మంలోనే ఆపి, తాగింది రమ్ము అనీ, నమిలింది వేపాకనీ, పక్కన కోటిగాడు కూడా ఉన్నాడనీ వరసగా చెప్పింది.

ఆ కోటిగాడే ఇప్పుడు మళ్లీ దాపురించాడు. పోర్టులో పోలిరాజుతో పాటు పనిచేస్తాడు.

"బావా, అరకు దారిలో కొండమీద ద్రాక్షతోట పెట్టినారు. తోట సూపిత్తారు, అయిదు రకాల వైను రుసి సూపిత్తారు, బోజనం పెడతారు. మా మేనల్లుడు పాసు ఇచ్చినాడు గానీ మా ఆవిడ శ్రీశైలం ఎలిపోయింది. నువ్వెల్లు."

పోలిరాజు పాసు అటూ ఇటూ తిప్పాడు. కింద ఎర్రక్షరాలతో రాసి ఉంది: దంపతులకు మాత్రమే.

"దంపతులంట కదరా!"

"నీకు పెళ్లాముంది కద బావా."

"అదే కదరా బాధ."

కానీ ఆ మధ్యాహ్నమంతా క్రేను మీద కూర్చుని ఆలోచించేసరికి, బాధలోనే ఉపాయం దొరికింది. చేపల బజారు మధ్యలో నిలబడితే ఏ బుట్టలోంచి ఏ వాసన వస్తోందో ఎవడికి తెలుస్తుంది? చుట్టూ వైనే ఉన్నచోట, అందరి నోళ్లూ వైను కంపే కొడుతున్నచోట, తన నోటిని మాత్రం ఎలా పట్టుకుంటుంది? అంత ముక్కూ అక్కడ చిత్తు! పోలిరాజుకి తన బుర్ర మీద తనకే ముద్దొచ్చింది.

"సిలకా, ద్రాక్షతోట సూడ్డానికి ఎల్దామా?" అన్నాడు ఇంటికి రాగానే.

చిలకమ్మ కత్తిపీట మీంచి తల ఎత్తింది. "నువ్వు నన్ను తీసుకెల్తావా? ఎందుకేటి?"

"ఎందుకేటేటి? పెళ్లాన్ని తిప్పకూడదేటి? కార్తీకమాసం, నీకూ బేరాల్లేవు. మంగళారం నాకు సెలవు. కొండ, తోట, బోజనం."

"ద్రాక్షలు కోసుకోనిత్తారా?"

"కోసుకోనిత్తారు, పిండుకోనిత్తారు..." అని నాలిక కరుచుకున్నాడు.

చిలకమ్మ మంగళవారం పొద్దున్నే పట్టుచీర కట్టుకుని, ద్రాక్షలకని రెండు పెద్ద సంచులు పట్టుకుని, అందరికంటే ముందు తోటవాళ్ల వ్యానెక్కింది. చాన్నాళ్ల తరవాత మొగుడు షికారు తీసుకెళుతున్నాడని ఆవిడ మొహం వెలిగిపోతుంటే, పోలిరాజు కిటికీ వైపు మొహం తిప్పుకున్నాడు. ఒక్క గ్లాసే కదా అని సర్దిచెప్పుకున్నాడు.

ఘాటు రోడ్డెక్కి, పొగమంచు దాటి, తోట చేరేసరికి పది దాటింది. పందిళ్ల కింద వరసలు వరసలుగా తీగలు. కొమ్మకొక్క కాయ కూడా లేదు.

"ద్రాక్షలేవి మావా?"

"అవి... లోపల పెట్టుంటారు."

లోపల పెట్టింది నిజమే. సీసాల్లో పెట్టారు.

తోట చూపించడానికి వచ్చిన కుర్రాడు గణేష్‌ని చూసి అందరూ ఒక్క క్షణం బిత్తరపోయారు. నల్లబట్టలు, నుదుటి మీద విభూతి, మెడలో మాల, కాళ్లకి చెప్పుల్లేవు. అయ్యప్ప దీక్షలో ఉన్నాడు.

"ఉద్యోగం ఉద్యోగమే, దీక్ష దీక్షే," అన్నాడు అతను ముందుగానే చేతులు జోడించి. "నేను తాగను, రుచి చూడను. కాయితంలో ఉన్నది చదువుతాను. మీరు తాగండి, స్వామియే శరణమయ్యప్ప."

మధురవాడ నుంచి వచ్చిన ఐటీ జంటలు రెండు కిసుక్కుమన్నాయి. అందరూ అతన్ని స్వామీ అనే పిలవడం మొదలుపెట్టారు. పొడుగు బల్ల మీద గ్లాసులు పెట్టి, మొదటి సీసా మూత తీశాడు స్వామి. మొహం పక్కకి తిప్పుకుని పోస్తున్నాడు కాబట్టి కొంత గ్లాసులోనూ, కొంత బల్లమీదా పడింది.

సీసా మూత వచ్చిన చప్పుడుకే చిలకమ్మ ముక్కుపుటాలు లేచాయి. మెల్లిగా తల తిప్పి మొగుణ్ణి చూసింది.

"ఏటి మావా ఇది?"

"ద్రాక్ష."

"నన్ను ఇంత దూరం తెచ్చింది దీనికా?"

"ఒసే, ఇది తాగడం కాదే. రుసి సూడ్డం. ఒట్టేసింది తాగనని గానీ, రుసి సూడనని కాదు కదా?"

చిలకమ్మ లేచి వెళ్లిపోతుందనుకున్నాడు. లేవలేదు. స్వామి వైపు తిరిగింది. "బాబూ స్వామీ, ఇది మింగాలా?"

"అక్కర్లేదమ్మా. నోట్లో తిప్పి ఊసెయ్యాలి. తెలిసినవాళ్లెవరూ మింగరు. అందుకే ఈ బకెట్టు."

"ఇన్నావా మావా?" చిలకమ్మ బకెట్టు లాగి తన ఒళ్లో పెట్టుకుంది. "రుసి సూడు. ఊసీయి. నీ గొంతులో ముడి పైకీ కిందకీ ఆడిందో, నాను ఇటునుంచి ఇటే పుట్టింటికి."

ఆ గదిలో ఆనాడు పోలిరాజు పడ్డ యాతన పగవాడికి కూడా వద్దు. పదకొండు నెలల దాహం నోటిదాకా వచ్చి, నాలిక మీద ఊయలూగి, మళ్లీ బయటికి పోతోంది. భార్య ఆయన గొంతు వంక కాటా ముల్లుని చూసినట్టు చూస్తోంది. మొదటి గ్లాసు ఊశాడు. రెండోది ఊశాడు. కళ్లంట నీళ్లొచ్చాయి. "సారుకి వైనంటే ఎంత ప్రేమో," అంది ఐటీ అమ్మాయి మొగుడితో.

మూడోది ఎర్రది. స్వామి కాయితం చదివాడు. "నేరేడుపండు పరిమళం, గంధపుచెక్క జాడ, చివరికి పొగ తగులుతుంది."

"అవునవును, పొగ," అన్నారు ఐటీవాళ్లు కళ్లు మూసుకుని.

"పొగ రుసి బాగుంది," అన్నాడు పోలిరాజు కూడా. ఊసేశాక రెండు మాటలైనా గౌరవంగా అనాలని.

చిలకమ్మ ఒళ్లో బకెట్టు మీద వంగి ముక్కు చిట్లించింది. తరవాత మొగుడి గ్లాసు లాక్కుని వాసన చూసింది. "పొగా లేదు, గందమూ లేదు. ఇది పాసిపోయింది. ఐసుపెట్టెలో అడుగున తడిసిన గోనెసంచి కంపు."

బల్ల చుట్టూ అందరూ నవ్వారు. పోలిరాజుకి తల కొట్టేసినట్టయింది. "ఊరుకోయే! ఇది సేప కాదు, మొప్ప ఎత్తి సూడ్డానికి."

"ఏదైతేనేటి? కుళ్లింది కుళ్లిందే."

స్వామికి చెమటలు పట్టాయి. రుచి చూద్దామంటే మెడలో మాల. పరిగెత్తుకెళ్లి యజమానిని పిలుచుకొచ్చాడు. ఆయన పేరు భీమశంకరరావు. పేరులోనే భీముడు గానీ మనిషి అగరొత్తిలా ఉంటాడు. గ్లాసు ఎత్తి వాసన చూసి, నోట్లో పోసుకుని, ఠక్కున ఊసేశాడు.

"బిరడా చెడింది! రోజూ ప్రతి సీసా మూత తీయగానే గణేషే రుచి చూసేవాడు. ఈ నలభై రోజులూ చూడలేడన్న సంగతే నాకు తట్టలేదు." నవ్వినవాళ్లు నవ్వినచోటే ఆగిపోయారు. పొగ తగిలినవాళ్లు ఫోన్లు చూసుకున్నారు.

భీమశంకరరావు నాలుగు గ్లాసులు తెప్పించి చిలకమ్మ ముందు పెట్టాడు. ఆవిడ ఒక్క చుక్క నోట పెట్టలేదు. వరసగా వాసన చూసి, "ఈ రెండూ ఒక కాపు. ఇది పాతది. ఇదింకా పచ్చిగుంది, ఆగాల," అంది. ఆయన కుర్చీలోంచి లేచి దండం పెట్టాడు. పీపాలున్న గది చూద్దురుగాని రమ్మని పిలిచాడు.

చిలకమ్మ వెళుతూ వెళుతూ స్వామి చెవిలో ఏదో చెప్పింది. పోలిరాజు పట్టించుకోలేదు. ఆయనకి వినపడుతున్నది ఒకటే మాట: ఆవిడ వెళుతోంది.

భోజనాల బల్ల మీద బొంగు చికెన్, వేడి అన్నం, పచ్చడి. పక్కన స్వామి ఎర్రటి సీసా పట్టుకుని నిలబడ్డాడు.

"భోజనంతో ఊసక్కర్లేదా స్వామీ?"

"అక్కర్లేదు సార్. ఎంతైనా తాగొచ్చు."

పోలిరాజు ఒకసారి పీపాల గది వైపు చూశాడు. ఒకసారి ఆకాశం వైపు చూసి, అమ్మవారికి మనసులో క్షమాపణ చెప్పుకున్నాడు. గ్లాసు ఎత్తాడు. ఒకటి గటగటా పోయింది. రెండోది నింపాదిగా పోయింది. మూడోదానికి కొండలు ఊగడం మొదలుపెట్టాయి.

నాలుగోదానికి ఆయన కుర్చీ ఎక్కి నిలబడ్డాడు. "ఈ తోటలో ఉన్నవోళ్లందరూ నా బావలే!" అని ప్రకటించాడు. ఐటీ కుర్రాడు దింపబోతే వాణ్ణి వాటేసుకుని ఏడ్చాడు. చిలకమ్మ తిరిగొచ్చేసరికి మాట ముద్దముద్దగా వస్తోంది.

"సిలకా! నాను తాగీసినాను. నాలుగు గ్లాసులు. నీ ముక్కుకి దొరక్కుండా తాగాలనే నిన్ను తెచ్చినాను. ఇంకా సెప్తాను, ఇను. మీ తమ్ముడి పెళ్లిలో నాకొచ్చింది జొరం కాదు. యూనియను మీటింగులు ఏవీ జరగలేదు. అసలు నాను ఏ యూనియన్లోనూ లేను!"

"ఇంకా?"

"నువ్వెలిపోయిన ఇరవై రోజులూ నీ సీర తలకింద పెట్టుకుని పడుకున్నాను. సేపల కంపు లేకపోతే నిద్ర పట్టలేదే. ఎలిపోకే. నిన్ను పంపించీసి నానుండలేనే."

చిలకమ్మ కళ్లలో తడి మెరిసింది. కొంగుతో ఒత్తుకుని, వంగి ఆయన నోటి దగ్గర ముక్కు పెట్టింది.

"ద్రాక్షరసం," అంది.

"ఆఁ?"

"చిన్నపిల్లలకిచ్చే రసం సార్," అన్నాడు స్వామి నేల చూపులు చూస్తూ. "పంచదార కూడా వెయ్యం. అమ్మ అదే పొయ్యమంది."

ఊగుతున్న కొండలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. పోలిరాజుకి ఎక్కిన నిషా దిగడానికి ఇంత తక్కువసేపు పట్టడం జీవితంలో ఇదే మొదలు. కుర్చీ మీంచి దిగడానికి మాత్రం చాలాసేపు పట్టింది. ఎటు దిగినా జనం ఉన్నారు.

తిరుగు వ్యానులో అరకోసు దూరం పోయాక మెల్లిగా అడిగాడు. "పుట్టింటికి ఎలిపోతావేటి?"

"సుక్క పడలేదు కదా. ఒట్టు నిలబడింది. నానే నిలబెట్టినాను."

"మరి కోపం లేదా?"

"ఎందుకు లేదు? ఎలిపోతే నిన్నెవరు కాపలా కాత్తారు? అమ్మోరికి ఏడాది సెప్పినావు. ఇయ్యాల తాగాలనుకున్నందుకు నాకు ఇంకో ఏడాది." కిటికీలోంచి చూస్తూ అంది. "ఆ సన్నటి తోట బాబు నన్ను వారవారం రమ్మన్నాడు. పీపాలన్నీ వాసన సూసి సెప్పాలంట. మంగళారం వత్తామని సెప్పినాను."

"వత్తాము?"

"దంపతులకి మాత్రమే కదా మావా."

అలా పోలిరాజు ప్రతి మంగళవారం తెల్లారగానే బండి తీసి, పట్టుచీరలో ఉన్న చిలకమ్మని వెనక కూర్చోబెట్టుకుని, కొండెక్కుతున్నాడు. ఆవిడ పీపా పీపాకీ ఆగి వాసన చూస్తుంది, అవసరమైతే నోట పెట్టి ఊస్తుంది. ఆవిడ వెనకాల బకెట్టు పట్టుకుని నడవడం ఆయన ఉద్యోగం. చుట్టూ నలభై పీపాల వైను. ఆయన ముక్కు కూడా ఇప్పుడు కొద్దికొద్దిగా పనిచేస్తోంది, అదొక అదనపు శిక్ష.

రెండో వారం చిలకమ్మ యజమానితో మాట్లాడుతుండగా సమయం చూసి స్వామిని ఒక మూలకి లాక్కుపోయాడు.

"స్వామీ, నీకు పుణ్యముంటాది. ఒక్క సుక్క. వాసన రాకుండా తాగుతాను."

స్వామి రెండు చేతులూ జోడించాడు. "క్షమించండి సార్. మీకొక్క చుక్క పోసినా చిలకమ్మగారికి చెప్పేస్తానని ఒట్టేశాను. మెడలో మాల పట్టుకుని వేయించిందావిడ."

అవతలి నుంచి చిలకమ్మ పిలిచింది. పోలిరాజు బకెట్టు ఎత్తుకుని తరవాతి పీపా దగ్గరికి నడిచాడు.